తారస్థాయి పలకని వేణువు: తరచుగా అడిగే ప్రశ్నలు

వేణువు నేర్చుకునే చాలామంది సరళీ వరుసలు, జంట వరుసలు అనే తొలి పాఠాలు హాయిగా దాటి హెచ్చు స్థాయి వరుసల దగ్గర ఆగిపోతారు. తార షడ్జం (పై స్థాయి 'స') మీద అడుగు పెడతారు, ఆ పైమెట్టు అందదు. కొందరు అక్కడే ఫ్లూట్ పక్కన పెట్టేస్తారు. నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం అదే, ఎందుకంటే ఇది ఊపిరితిత్తుల బలానికో పుట్టుకతో వచ్చే ప్రతిభకో సంబంధించిన ఇబ్బంది కాదు. కారణం తెలిస్తే సరిచేసుకోగలిగినదే. ఇక్కడ చెప్పేదంతా కర్ణాటక సంగీతంలో వాడే 8 స్వర రంధ్రాల వెదురు వేణువు గురించి. షడ్జం, రిషభం, గాంధారం, మధ్యమం, పంచమం, ధైవతం, నిషాదం అంటే స రి గ మ ప ద ని. కింది స్థాయి మంద్రం, నడిమిది మధ్య, పైది తార.

తార షడ్జం దాకా బాగానే వస్తోంది. రిషభ గాంధారాలు పీలగా వస్తాయి, మధ్యమం అసలు పలకదు. లోపం ఎక్కడుంది?

ముందు వేణువులో స్వరాలు ఎలా అమరి ఉంటాయో చూడాలి. ఊదే రంధ్రం వైపు నుంచి లెక్కపెడితే 2 రంధ్రాలు మూస్తే షడ్జం, 1 మూస్తే చతుశ్రుతి రిషభం, అన్నీ తెరిస్తే అంతర గాంధారం. అక్కడితో రంధ్రాలు అయిపోయాయి. మరి మధ్యమం? 8లో మొదటి 6 రంధ్రాలు మూసి, మంద్ర మధ్యమం పలకాల్సిన చోట ఊపిరి మార్చి, దాని పై స్థాయిని పలికిస్తాం. 5 మూస్తే పంచమం, 4 మూస్తే చతుశ్రుతి ధైవతం, 3 మూస్తే కైశికి నిషాదం. మళ్ళీ 2 మూస్తే తార షడ్జం. (ఏ రంధ్రాన్నీ సగం మూయకుండా వేణువు పలికే మేళం (ఏడు స్వరాల మూల రాగం) హరికాంభోజి. అందుకే చాలామంది గురువులు, మామూలుగా తొలి పాఠాలకు వాడే మాయామాళవగౌళ రాగం కంటే ముందు ఆ స్వరాలతో మొదలుపెడతారు.)

అంటే వేణువు మూడు అంతస్తుల మేడ. మంద్ర మధ్యమం నుంచి మధ్య గాంధారం దాకా మొదటి అంతస్తు. మధ్య మధ్యమం నుంచి తార గాంధారం దాకా రెండోది, వేళ్ళు అవే, ఊపిరి వేరు. తార మధ్యమం నుంచి మూడోది. మీరు రెండో అంతస్తు చివరి మెట్ల మీద తడబడుతున్నారు, మూడోదానికి తలుపు తెరుచుకోవడం లేదు. మొదట్లో మధ్య గాంధారం నుంచి మధ్యమానికి వెళ్ళేటప్పుడు ఇలాగే ఇబ్బంది పడి ఉంటారు. అప్పుడు దాటారు కదా. పద్ధతి అదే, పెదవుల దగ్గర ఇంకొంచెం నేర్పు కావాలి.

అయితే ఇంకా గట్టిగా ఊదాలా?

వద్దు. ఈ ఒక్క అపోహ వల్ల నాకు రెండేళ్ళు పోయాయి. తార పంచమం కోసం బుగ్గలు నొప్పెట్టేదాకా ఊదేవాణ్ణి. వచ్చేది స్వరం కాదు, ఈల. మెడ నరాలు ఉబ్బేవి, భుజాలు చెవుల దాకా లేచేవి. మా గురువుగారు ఒకరోజు నా చేతిలోని ఫ్లూట్ తీసేసి, "వేడి పాలు చల్లార్చుకోవాలంటే ఎలా ఊదుతావో అలా అరచేతి మీద ఊదు" అన్నారు. ఊదాను. "ఇప్పుడు అద్దం తుడవడానికి ఆవిరి పట్టించినట్టు ఊదు" అన్నారు. మొదటిసారి చల్లటి, సన్నటి గాలి ఒక్కచోట తగిలింది. రెండోసారి వెచ్చటి గాలి అరచేయంతా పరుచుకుంది. తారస్థాయికి నేను వాడుతున్నది ఈ రెండోది, అదీ బలంగా.

కారణం ఇదీ. మన పెదవుల మధ్య నుంచి వచ్చే గాలిధార ఊదే రంధ్రం అవతలి అంచుకు తగిలి, ఒకసారి లోపలికీ ఒకసారి బయటికీ ఊగుతుంది. ఆ ఊగడమే స్వరం. మధ్య షడ్జానికి సెకనుకు ఎన్ని కంపనాలు ఉంటాయో తార షడ్జానికి అంతకు రెట్టింపు, తార పంచమానికి మూడు రెట్లు. కంపనం అంత వేగంగా జరగాలంటే గాలి పెదవి నుంచి అంచు దాకా చేరే సమయం తగ్గాలి. అందుకు మన చేతిలో ఉన్న దారులు రెండు: గాలి వేగం పెంచడం, పెదవికీ అంచుకీ మధ్య దూరం తగ్గించడం. ఎక్కువ గాలి వేరు, వేగమైన గాలి వేరు. పెదవుల మధ్య సందు పెద్దదిగా ఉంచి బలంగా ఊదితే గాలి ఖర్చవుతుంది, చప్పుడు పెరుగుతుంది, వేగం మాత్రం కావలసినంత రాదు.

మరి పెదవులు ఎలా పెట్టాలి?

కింది పెదవి ఊదే రంధ్రం ఇవతలి అంచు మీద మెత్తగా ఆనాలి. పై స్థాయికి వెళ్ళేటప్పుడు జరిగేవి చిన్న చిన్న మార్పులు. పెదవులు రెండూ ఒక్క పిసరు ముందుకు వస్తాయి. మధ్య సందు చిన్నదవుతుంది. గాలి దిశ కొద్దిగా పైకి లేస్తుంది. దవడ బిగుసుకోకూడదు. నవ్వుతున్నట్టు పెదవుల మూలలు పక్కకు లాగే అలవాటు చాలామందికి ఉంటుంది. దానివల్ల పెదవి పలచబడి, ధ్వని పీలగా, కీచుగా వస్తుంది. మూలలు కదలకుండా ఉండాలి, పని నడిమి భాగం చెయ్యాలి.

అద్దం ముందు నిలబడి చూసుకోండి. మీ గాలిసందు సరిగ్గా ముక్కు కింద ఉండాలని నియమం లేదు. పై పెదవి నడుమ బొట్టులా కిందికి దిగి ఉన్నవాళ్ళకు సందు సహజంగానే ఒక పక్కకు ఏర్పడుతుంది. వాళ్ళు ఫ్లూటే కొంచెం జరుపుకోవాలి. దాన్ని బలవంతంగా మధ్యకు తెచ్చిన పిల్లలు నెలల తరబడి అవస్థ పడటం చూశాను.

ఇంకొక మాట. వేణువును పెదవికి గట్టిగా అదమకండి. పైస్వరం రాకపోతే చేతులు తెలియకుండానే ఫ్లూట్‌ను మూతికి నొక్కుతాయి. అలా నొక్కితే కదలాల్సిన పెదవి కదలలేదు.

దీనికి ప్రత్యేకమైన సాధన ఏదైనా ఉందా?

ఉంది. నా దృష్టిలో ఈ ఒక్కదానికి రోజుకు పది నిమిషాలు కేటాయిస్తే మిగతా చిట్కాలు చాలావరకు అక్కర్లేదు.

పైనుంచి 6 రంధ్రాలూ మూయండి. మంద్ర మధ్యమం మెల్లగా, నిండుగా పలికించండి. వేళ్ళు కదపకుండా పెదవులు మాత్రమే మార్చి మధ్య మధ్యమానికి వెళ్ళండి. అక్కడ నిలవండి. వేళ్ళు అలాగే ఉంచి ఇంకా సన్నగా, ఇంకా వేగంగా ఊదితే ఒక కొత్త స్వరం వినిపిస్తుంది. అది తార షడ్జం! ఇంకా పైకి వెళితే తార మధ్యమం. ఒకే గొట్టం, ఒకే వేళ్ళు, నాలుగు స్వరాలు. వెదురులోని గాలి మొదటి స్వరం కంపనాలకు రెండు రెట్లు, మూడు రెట్లు, నాలుగు రెట్లు కూడా పలకగలదు కాబట్టి ఇది సాధ్యం. తంబూరా ఒక్క తీగలో జాగ్రత్తగా వింటే వినిపించే అనుస్వరాలు (మూల స్వరంతో పాటు సన్నగా మోగే పైస్వరాలు) కూడా ఈ కుటుంబానివే.

ఇదే పని 5 రంధ్రాలు మూసి చేస్తే మంద్ర పంచమం, మధ్య పంచమం, తార రిషభం, తార పంచమం వస్తాయి. 2 మూసి చేస్తే మధ్య షడ్జం, తార షడ్జం, ఆ తర్వాత నేరుగా తార పంచమం. ఇలా వచ్చే పైస్వరాలు శ్రుతికి కొద్దిగా అటూ ఇటూ ఉంటాయి. పరవాలేదు, ఇది కచేరీ కోసం కాదు. ఏ స్వరానికి పెదవి ఎంత మారాలో మనసుకు పట్టడం కోసం. కచేరీలో తార మధ్యమ పంచమాలకు వాడే వేళ్ళ అమరికలు వేరే ఉంటాయి. మధ్యలో ఒక రంధ్రం తెరిచి ఆ పైకంపనానికి దారి ఇస్తారు. అవి ఒక్కొక్క వేణువుకూ కొంచెం మారతాయి కాబట్టి మీ ఫ్లూట్ మీద మీ గురువుగారు చూపించినదే పట్టుకోండి.

ఎక్కడం ఎంత ముఖ్యమో దిగడం అంత ముఖ్యం. తార షడ్జం నుంచి మధ్య మధ్యమానికి, అక్కడి నుంచి మంద్రానికి స్వరం తెగకుండా దిగగలిగితే పెదవి మీ అధీనంలో ఉన్నట్టే. ఎక్కడం అదాటున ఒకసారి కుదరవచ్చు, దిగడం అలా కుదరదు.

నాలుకతో 'తు' అని కొట్టి పైస్వరాన్ని పలికించడం సులువు. అందుకే మొదటి కొన్ని వారాలు తుత్తుకారం లేకుండా, ఊపిరితోనే స్వరాన్ని మొదలుపెట్టండి. అప్పుడు పెదవి సరిగ్గా ఉందో లేదో వెంటనే తెలుస్తుంది.

పైస్థాయి కావాలంటే మంద్రం సాధన చెయ్యమంటారు. ఎందుకు?

మంద్ర పంచమం గుండ్రంగా, గాలి చప్పుడు లేకుండా రావాలంటే వేళ్ళు రంధ్రాలను పూర్తిగా మూయాలి, గొంతు తెరుచుకోవాలి, ఊపిరి పొట్ట నుంచి నిలకడగా రావాలి. ఈ మూడిట్లో ఏది లోపించినా మంద్రం దాచదు. మధ్యస్థాయి మాత్రం చాలా తప్పులు కప్పిపుచ్చుతుంది. పైగా బిగుసుకుపోయిన పెదవితో మంద్రం రాదు. కాబట్టి తారస్థాయి సాధన తర్వాత మళ్ళీ మంద్రానికి దిగితే బిగువు ఎంత పేరుకుందో తెలిసిపోతుంది. నేను తారస్థాయి ప్రతి పది నిమిషాలకూ రెండు నిమిషాలు మంద్రంలో ఉంటాను.

ఊదుతుంటే తల తిరుగుతోంది. ప్రమాదమా?

కొత్తలో మామూలే. అవసరానికి మించి లోతుగా, గబగబా ఊపిరి మార్చడం వల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి అలా అనిపిస్తుంది. వెంటనే ఆపి కూర్చోండి, మామూలుగా శ్వాస తీసుకోండి, తగ్గాకే మళ్ళీ మొదలుపెట్టండి. సందు చిన్నది చేయడం అలవాటైతే గాలి ఖర్చు తగ్గి ఇదీ తగ్గుతుంది. బాగా సాధన అయ్యాక కూడా పోకపోయినా, ఛాతీలో నొప్పి, ఆయాసం ఉన్నా డాక్టరుకు చూపించుకోండి.

పైస్వరాలు వస్తున్నాయి కానీ శ్రుతి ఎక్కువవుతోంది. ఏం చెయ్యాలి?

ఇది మంచి సూచనే, వేగం వచ్చింది. ఇక దూరం సంగతి చూడాలి. దూరం తగ్గించకుండా వేగంతోనే పనికానిస్తే స్వరం శ్రుతికి మించి లేస్తుంది. పెదవి ఇంకొంచెం ముందుకు తెచ్చి, వేణువును ఒక వెంట్రుకవాసి లోపలికి తిప్పి, గాలి తగ్గించి చూడండి. రంధ్రం కాస్త ఎక్కువ కప్పబడితే శ్రుతి దిగుతుంది.

తంబూరా పెట్టుకునే సాధన చెయ్యండి. ట్యూనర్ యాప్ చూస్తూ ఊదడం నాకు ఇష్టం లేదు. కళ్ళకు అలవాటైన శ్రుతి పాటలో ఉపయోగపడదు. ముఖ్యంగా, ఊదే ముందు ఆ స్వరాన్ని లోపల పాడుకోండి. తార గాంధారం మనసులో వినిపించకపోతే పెదవి ఎక్కడికి వెళ్ళాలో దానికి తెలియదు. గొంతుతో అంత పైకి పాడలేకపోతే ఒక స్థాయి కింద పాడినా సరిపోతుంది.

లోపం నాలో ఉందా, ఫ్లూట్‌లో ఉందా? ఎలా తెలుస్తుంది?

బాగా వాయించేవాళ్ళ చేత మీ ఫ్లూట్ ఊదించండి. వాళ్ళకు తార పంచమం సులువుగా వస్తే ఫ్లూట్ మంచిదే. వాళ్ళూ కష్టపడితే ఈ కింది వాటిలో ఏదో ఒకటి.

మొదటిది పగులు. ఎండాకాలంలో కారులో వదిలేసిన ఫ్లూట్‌కు కంటికి కనిపించని సన్న చీలిక వస్తుంది. పగుళ్ళు పాకకుండా వెదురు మీద దారం చుట్టిస్తారు. అప్పుడప్పుడు కొంచెం నూనె రాసి ఆరనివ్వడం కూడా మంచిది. రెండోది ఊదే రంధ్రం పక్కన గొట్టాన్ని మూసే బిరడా. అది రంధ్రం మధ్య నుంచి సుమారు గొట్టం లోపలి వెడల్పంత దూరంలో ఉండాలి. జరిగితే స్థాయిల మధ్య శ్రుతి కుదరదు, పైస్వరాలు మొరాయిస్తాయి. బిరడా లేకుండా వెదురు కణుపునే వదిలేసిన వేణువుల్లో ఈ సర్దుబాటు కుదరదు. మూడోది ఊదే రంధ్రం అంచు. అది పదునుగా, నున్నగా ఉండాలి. అరిగి మొద్దుబారితే ఎంత ఊదినా గాలి చప్పుడే. దయచేసి ఆకురాయితో మీరే గీకకండి, తయారుచేసేవారికి ఇవ్వండి.

రోడ్డు పక్కన, తిరునాళ్ళలో అమ్మే ఫ్లూట్లతో తారస్థాయి సాధన చెయ్యొద్దు. చాలావాటికి రెండో అంతస్తే సరిగా పలకదు, పిల్లలు తప్పు తమదే అనుకుంటారు.

పొట్టి ఫ్లూట్ అయితే పైస్వరాలు సులువా?

పొట్టి ఫ్లూట్ శ్రుతే ఎక్కువ, కాబట్టి దాని తారస్థాయి ఇంకా పైన ఉంటుంది. వేళ్ళకు సులువు, పెదవికి కాదు. పొడుగు, సన్నం మధ్య నిష్పత్తి ముఖ్యం. పొడుగుతో పోలిస్తే లోపలి వెడల్పు తక్కువగా ఉన్న వెదురు పైస్థాయిని తేలిగ్గా పలుకుతుంది, మంద్రం బలహీనపడుతుంది. వెడల్పు గొట్టం దీనికి తలకిందులు. పొడుగు వేణువును కర్ణాటక కచేరీలోకి తెచ్చిన ఎన్. రమణి గారి రికార్డింగులు, ఆయన గురువు, మాలిగా పేరుపడ్డ టి.ఆర్. మహాలింగం గారివి వినండి. పైస్థాయిలో కూడా ధ్వని కీచుగా మారదు, అదే మన లక్ష్యం. నేర్చుకునేవాళ్ళకు 5 శ్రుతి (పాశ్చాత్య పద్ధతిలో G) ఫ్లూట్ మంచి మధ్యేమార్గం. చిన్న చేతుల పిల్లలకు 6 కూడా పరవాలేదు.

కీర్తనలో అనుపల్లవి (పల్లవి తర్వాతి భాగం) పైకి వెళ్ళేసరికి ఊపిరి చాలడం లేదు.

అక్కడికి చేరేసరికి ఊపిరి అయిపోయేలా ముందే ఖర్చు చేస్తున్నారు. సాహిత్యం నేర్చుకోండి. త్యాగరాజస్వామి రాసింది మన తెలుగులోనే. మాట ఎక్కడ ముగుస్తుందో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు, అది మనకున్న పెద్ద వరం. 'ఎందరో మహానుభావులు' అన్న చోట 'మహాను' దగ్గర ఊపిరి తీసుకుంటే వినేవాళ్ళ ప్రాణం విలవిలలాడుతుంది. 'ఎందరో' తర్వాతో, 'మహానుభావులు' తర్వాతో తీసుకోవచ్చు. పుస్తకంలో సాహిత్యం మీద పెన్సిల్‌తో ఊపిరి గుర్తులు పెట్టుకోండి. పై సంచారానికి ముందు ఉన్న విరామంలో నిండుగా, చప్పుడు లేకుండా, నోటితోనే తీసుకోండి. భుజాలు లేవకూడదు, నడుము చుట్టూ విస్తరించాలి.

తార గాంధారం మీద గమకం (స్వరాన్ని అందంగా ఊపడం) వేస్తే స్వరం కిందికి జారిపోతోంది.

స్వరం నిలకడగా ఎనిమిది తాళపు లెక్కలు నిలిచేదాకా గమకం జోలికి వెళ్ళకండి. నిలిచాక వేళ్ళతో నెమ్మదిగా ఊపండి, పెదవి ఊగకూడదు. రెండూ కలిసి కదిలితే గాలిధార తప్పి కింది అంతస్తులో పడుతుంది.

ఎన్ని నెలలు పడుతుంది?

రోజూ అరగంట క్రమంగా చేసేవాళ్ళలో చాలామందికి తార రిషభ గాంధారాలు రెండు మూడు నెలల్లో తేటపడటం చూశాను. మధ్యమ పంచమాలు పాటలో నమ్మకంగా వాడాలంటే ఏడాది అనుకోండి. ఆదివారం మూడు గంటలు ఊది వారమంతా ఊరుకుంటే రాదు. పెదవి చుట్టూ ఉన్నవి చిన్న కండరాలు, అలిసిపోయాక చేసే సాధన తప్పులనే నేర్పుతుంది. పెదవి వణకడం మొదలైతే ఆ పూటకు చాలు. మరీ మొదట్లో పై పంచమం రోజుకు ఐదారుసార్లు ప్రయత్నిస్తే సరిపోతుంది, మిగతా సమయం కింద ఉండండి.

పళ్ళకు క్లిప్పులు పెట్టించాం. బాబు ఊదలేకపోతున్నాడు.

పెదవి కింద ఎత్తు పెరిగింది కాబట్టి గాలి దిశ మారింది. మూడు నాలుగు వారాలు మంద్ర, మధ్య స్థాయిల్లోనే ఉంచండి. మళ్ళీ దారి దొరుకుతుంది. క్లిప్పులు తీసేశాక ఇంకోసారి ఇదే జరుగుతుందని అతనికి ముందే చెప్పండి, టెన్షన్ పడడు.

నాదస్వరం, క్లారినెట్, ట్రంపెట్‌కు కూడా ఇవే సూత్రాలు పనికొస్తాయా?

ఊపిరి నిలకడ, లోపల స్వరం వినడం, అదమకుండా ఉండటం అన్నిటికీ ఒకటే. మిగతావి వేరు. నాదస్వరంలో స్వరం పుట్టేది జంట రెల్లుపీకలో, దానికి వేణువు కంటే చాలా ఎక్కువ ఒత్తిడి కావాలి. క్లారినెట్ పై స్థాయికి వెళితే రెట్టింపు కాదు, మూడు రెట్ల స్వరం పలుకుతుంది, అందుకే రెండు స్థాయిల్లో వేళ్ళు వేరుగా ఉంటాయి. ట్రంపెట్‌లో కంపించేవి వాయించేవారి పెదవులే. పైస్వరం కోసం మౌత్‌పీస్‌ను మూతికి నొక్కడం పెళ్ళి బ్యాండ్లలో పిల్లలు తరచుగా చేసే తప్పు. పెదవికి రక్తం ఆడక వాచిపోతుంది.

ఏసీ హాల్లో నా తారస్థాయి కిందికి దిగినట్టు ఉంటుంది.

చల్లటి గాలిలో ధ్వని వేగం తక్కువ, కాబట్టి శ్రుతి తగ్గుతుంది. వేదిక ఎక్కే ముందు ఐదు నిమిషాలు రంధ్రాలన్నీ మూసి వెచ్చటి ఊపిరి వదలండి, తనియావర్తనం (మృదంగం లాంటి తాళవాద్యాల వంతు) సాగుతున్నప్పుడు ఫ్లూట్‌ను ఒళ్ళోనే ఉంచుకోండి.

అమెరికాలో ఉన్న మా అమ్మాయి ఆన్‌లైన్‌లో నేర్చుకుంటోంది. పైస్వరాలు గురువుగారికి వినిపించడమే లేదట.

అమ్మాయి తప్పు కాకపోవచ్చు. వీడియో కాల్ యాప్‌లు మనిషి మాటను మాత్రమే ఉంచి, ఎక్కువసేపు నిలిచే ధ్వనిని రొద అనుకుని కత్తిరిస్తాయి. దీర్ఘంగా నిలిపిన తార పంచమం వాటికి ఫ్యాన్ చప్పుడుతో సమానం. జూమ్‌లో అయితే సెట్టింగుల్లో సంగీతకారుల కోసం ఒరిజినల్ సౌండ్ అని ఉంటుంది, అది ఆన్ చెయ్యండి. ఫోన్‌ను నోటికి ఎదురుగా కాకుండా మూడు నాలుగు అడుగుల దూరంలో, కొంచెం పక్కకు పెట్టండి. వారానికి ఒకసారి హెచ్చు స్థాయి వరుసలు విడిగా రికార్డు చేసి ఆ ఫైలును గురువుగారికి పంపితే, ధ్వనిలోని అసలు గుణం ఆయనకు తెలుస్తుంది.